మనాది కట్టిన ఊరు: థీమ్ పార్కుల్లో పాతకాలం ఎంత పాతది?

క్లుప్తంగా: నాగార్జునసాగర్ ఎడమ గట్టున బుద్ధవనంలో కనిపించే మహాస్తూపం 2022లో ప్రారంభమైన కట్టడం. కుడి గట్టున అనుపులోని రంగస్థలం పాతదే, అది ఉన్న చోటు మాత్రం కొత్తది. అలంపూర్ దగ్గరి కూడలి సంగమేశ్వరాలయం కథా అంతే. చూసేవారికి మాత్రం ఇవన్నీ ఒకే వరసలో “పాతకాలంవి”గా కనిపిస్తాయి. పాతకాలం మీద జనానికున్న బెంగే, అంటే మనాదే, పార్కులకు పెట్టుబడి. చరిత్ర ఆ బెంగకు కొలతలు అడుగుతుంది. ఈ రెండింటికీ పేచీ ఎక్కడ వస్తుంది, దక్షిణ తెలంగాణలో అది ఎలా కనిపిస్తోంది, బయట దేశాలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయన్నదే ఈ విశ్లేషణ.

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులను బుద్ధవనానికీ, పోచంపల్లికీ, పాలమూరు పిల్లలమర్రికీ తీసుకెళ్లారు. ఆ ఫొటోలతో మూడు చోట్లూ ఒక్కసారిగా వార్తల్లోకొచ్చాయి. వీటిలో ఒకటి కొత్తగా కట్టిన పార్కు, ఒకటి జనం బతుకుతున్న ఊరు, మూడోది ఒక చెట్టు. “మన ప్రాచీన వారసత్వం” అన్న మాట మూడింటికీ ఒకేలా అతికించడంతోనే గందరగోళం మొదలైంది.

అసలుది నీళ్ల కింద

సాగర్ చుట్టుపక్కల పాతకాలాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనకట్ట దగ్గర మొదలుపెట్టాలి. 1955 డిసెంబర్ 10న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఈ మధ్యలో మునిగిపోయిన లోయ పేరు నాగార్జునకొండ. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు రాజధానిగా చేసుకున్న విజయపురి అక్కడే ఉండేది. 1926లో బయటపడిన ఈ స్థలాన్ని పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్‌స్ట్ కొంత తవ్వారు. ముంపు ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ లోయంతా జల్లెడ పట్టింది. నీళ్లు వచ్చేలోపు తవ్వి, కొలిచి, గీసి, మోయగలిగింది మోసుకుపోవాలి. గడువు పెట్టుకుని ఇంత పెద్ద తవ్వకం జరిగిన సందర్భాలు దేశంలో తక్కువ.

అలా తొమ్మిది కట్టడాలను విప్పి, కొండ మీదా కుడి గట్టునా మళ్లీ నిలబెట్టారు. వీలుకాని వాటికి చిన్న కొలతలో నమూనాలు చేశారు. ఇప్పుడు లాంచీలో వెళ్లి చూసే “దీవి” ఒకప్పుడు దీవి కాదు, మునగకుండా మిగిలిన కొండ నెత్తి.

అంటే ఒక్క సాగర్ దగ్గరే పాతకాలం నాలుగు రకాలుగా దొరుకుతుంది. నీళ్ల కింద అసలు స్థలం ఉంది. అనుపులో, కొండ మీద అసలు రాయి వేరే చోట ఉంది. మ్యూజియంలో కొలత తగ్గించిన నమూనా ఉంది. బుద్ధవనంలో కొత్తగా ఊహించి కట్టింది ఉంది. నాలుగింటికీ విలువ ఉంది, కానీ ఆ విలువ ఒకే రకానిది కాదు. డిసెంబర్, జనవరిలో బడి పిల్లల టూర్ బస్సు ఒక్కరోజులో వీటిలో మూడింటిని చుట్టబెట్టేస్తుంది. రాత్రి ఇంటికి చేరేసరికి పిల్లల బుర్రలో అవన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి.

స్తూపం లోపలికి నడిచి వెళ్లగలమా?

బుద్ధవనం 274 ఎకరాల ప్రాజెక్టు. అష్టాంగమార్గానికి గుర్తుగా ఎనిమిది భాగాలుగా దీన్ని ఊహించారు. 2022 మే 14న ప్రారంభించిన భాగంలో బుద్ధచరితవనం, జాతకవనం, ధ్యానవనం, స్తూపవనం, వీటన్నిటికీ నడుమ మహాస్తూపం ఉన్నాయి. అమరావతి స్తూపాన్ని ఆదర్శంగా పెట్టుకుని కట్టిన ఈ మహాస్తూపం ఎత్తు 21 మీటర్లు, వ్యాసం 42 మీటర్లు.

అమరావతి స్తూపపు అండం, అంటే గుమ్మటంలాంటి ప్రధాన భాగం, ఎలా ఉండేదో ఇవాళ చూసి చెప్పేవారు లేరు. కల్నల్ మెకంజీ 1797లో వెళ్లేసరికే స్థానికంగా తవ్వేసి ఇటుకలూ రాళ్లూ ఎత్తుకుపోతున్నారు. మిగిలిన పలకలు ఇప్పుడు ప్రధానంగా చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అయితే ఆనాటి శిల్పులు ఒక మేలు చేశారు. స్తూపం చుట్టూ పెట్టిన పలకల మీద ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. గుండ్రటి అండం, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద ఐదేసి ఆయక స్తంభాలు, కాపలా సింహాలు, పైన ఛత్రాలు, గాల్లో ఎగురుతూ మొక్కుతున్న దేవతలు, అన్నీ ఆ పలక మీదే దొరుకుతాయి. పునర్నిర్మాణ చిత్రాలన్నిటికీ ఆధారం అదే. అందుకే బుద్ధవనం స్తూపం బయటి రూపం గాల్లోంచి పుట్టింది కాదు, రాతి సాక్ష్యం మీద నిలబడింది.

తేడా లోపల ఉంది. పాత స్తూపానికి లోపల గది ఉండదు. అది నిండుగా కట్టిన దిబ్బ. నాగార్జునకొండ మహాచైత్యాన్నే తీసుకుంటే, దాని పునాది బండిచక్రంలా ఉంటుంది. మధ్యలో చక్రపు కుండలాంటి గుండ్రటి భాగం, అక్కడినుంచి చక్రపు ఆకుల్లా ఇటుక గోడలు, ఆ గోడల మధ్య ఖాళీల్లో మట్టి. అంత బరువు జారిపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు అది. లాంగ్‌హర్‌స్ట్ తవ్వకంలో అందులో దొరికిన ధాతువును (బుద్ధుడిదిగా భావించే అవశేషాన్ని) 1932లో సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంచారు. భక్తుడు దాని చుట్టూ తిరుగుతాడు తప్ప లోపలికి పోడు. ప్రదక్షిణే ఆ కట్టడం పని.

కొత్త మహాస్తూపం కాంక్రీటు కట్టడం, లోపల బోలు. జనం లోపలికి వెళ్తారు, గుమ్మటం కింద కూర్చుంటారు. టికెట్ కొని ఎండలో ఇంతదూరం వచ్చినవారిని దిబ్బ చుట్టూ తిప్పి పంపించడం ఏ పార్కుకైనా కష్టమే. నీడ కావాలి, కూర్చునే చోటు కావాలి, చూపించడానికి ఏదో ఉండాలి. ఆ అవసరం స్తూపాన్ని మందిరంగా మార్చింది. తప్పని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ పాతికేళ్ల తర్వాత “స్తూపమంటే లోపల ధ్యానమందిరం ఉన్న గుమ్మటం” అని ఒక తరం స్థిరపరచుకుంటే, దానికి మూలం ఇక్కడ దొరుకుతుంది. పార్కులు చరిత్రను మార్చేది సాధారణంగా ఇలాగే. అబద్ధం ఎవరూ చెప్పరు, సౌకర్యమే మెల్లగా నమ్మకంగా మారుతుంది.

పైకి అతుకులా కనిపించేది ఒక్కోసారి చరిత్రకు దగ్గరగా ఉంటుంది. ధ్యానవనంలో శ్రీలంక అవుకన బుద్ధుడి నమూనా ఉంది, ఎత్తు 27 అడుగులు. ‘కృష్ణ ఒడ్డున సింహళ విగ్రహం ఏమిటి?’ అని సందేహం రావచ్చు. కానీ ఇక్ష్వాకుల కాలంలో ఈ లోయలో సింహళ విహారం ఉండేదనీ, లంక నుంచి భిక్షువులు వచ్చేవారనీ ఇక్కడి శాసనమే చెబుతోంది. విగ్రహం కొత్తదైనా ఆ సంబంధం పాతది. ఒక చిన్న పలక మీద ఆ శాసనం మాట రాస్తే చాలు, అలంకారం చరిత్రవుతుంది.

బెంగకూ ఒక పుట్టుక ఉంది

పాతకాలం మీద మమకారాన్ని ఇంగ్లిష్ చదువు ‘నోస్టాల్జియా’ అంటుంది. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి పెట్టిన పేరు అది. పరాయి ప్రాంతాల్లో ఉన్నవారికి ఇంటి మీద బెంగతో వచ్చే జబ్బుగా దాన్ని వర్ణించాడు. తెలంగాణలో దీనికి ఎప్పటినుంచో ‘మనాది’ అనే మాట ఉంది. మనాదిలో దిగులు ఉంది, జబ్బు ఛాయ కూడా ఉంది. పోగొట్టుకున్నదాని మీదే మనాది పుడుతుంది కాబట్టి, ఊరు వదిలినవాడికి ఊరు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

దీన్ని కట్టడంగా మార్చే కిటుకును పెద్ద ఎత్తున చూపింది డిస్నీల్యాండ్. 1955 జులైలో కాలిఫోర్నియాలో తెరిచిన ఆ పార్కులో గేటు దాటగానే వచ్చే ‘మెయిన్ స్ట్రీట్’ వాల్ట్ డిస్నీ చిన్నప్పుడు కొన్నేళ్లు పెరిగిన మార్సెలిన్ అనే చిన్న ఊరి జ్ఞాపకం. ఆ వీధిలో మేడల పై అంతస్తులను కింది అంతస్తు కంటే చిన్న కొలతలో కట్టారు. కంటికి మేడ ఎత్తుగానే కనిపిస్తుంది, మనిషి మాత్రం దాని ముందు చిన్నబోడు. బొమ్మరింట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. నిజమైన ఊళ్లో ఉండే బురద, అప్పులవాళ్లు, మూతపడ్డ కొట్లు అక్కడ ఉండవు. అది మార్సెలిన్ నకలు కాదు, మార్సెలిన్ మీద మనాదికి నకలు.

సాగర్ రోడ్డు మీదా, శ్రీశైలం రోడ్డు మీదా వెలుస్తున్న ‘పల్లె’ రిసార్టులదీ, దాబాలదీ ఇదే సూత్రం. నులకమంచం, కందిలి, ఎడ్లబండి, ఇసుర్రాయి, గిరక బావి, గోడకు పాత రేడియో. ఒక్కో వస్తువూ నిజమైనదే, చాలావరకు పాత సామాన్ల కొట్లో కొన్నదే. అయితే మోట కొట్టిన కాలం, కందిలి వెలిగిన కాలం, ట్రాన్సిస్టర్ మోగిన కాలం వేర్వేరు. అన్నీ ఒకే వాకిట్లో పేర్చితే ఏ సంవత్సరానికీ చెందని ఊరొకటి తయారవుతుంది.

ప్రాంతం తేడా ఇంకా ముందే పోతుంది. గద్వాల, వనపర్తి వైపు మట్టి మిద్దెలు ఎక్కువ. నల్లగొండ ఊళ్లలో గూన ఇళ్లు కనిపిస్తాయి. రిసార్టులో ఉండేది ఎక్కువగా కోస్తా సినిమా సెట్టింగు నుంచి వచ్చిన గడ్డి గుడిసె. రామోజీ ఫిల్మ్‌సిటీలో అయితే అది సెట్టింగని అందరికీ తెలుసు, పేచీ లేదు. “మన పల్లె” అని బోర్డు పెట్టినప్పుడే, ఎవరి పల్లె అన్న ప్రశ్న వస్తుంది.

బొమ్మల్లో లేని మనుషులు

ఆ ప్రశ్నకు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో బరువు ఎక్కువ. ఇక్కడి పాత ఊరంటే గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, కూడా. గడి గోడ ఎత్తు, దర్వాజా చెక్కడం, లోపలి మండువా ఇప్పటి కంటికి ముచ్చటగా ఉంటాయి. పెళ్లి ఫొటోలకు బాగా కుదురుతాయి. కానీ ఆ గోడలకు సున్నం కొట్టిన చేతులకు కూలి దక్కేది కాదు. వెట్టి అంటే అదే. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఎవరి పని వారు దొరకు ఊరికే చేయాలి. “బాంచెన్, నీ కాల్మొక్త” అన్న మాట మర్యాద కోసం పుట్టింది కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక లేచిన సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. అప్పట్లో కడవెండి నల్లగొండ జిల్లాలోనిదే. ఆ పోరాటం ఎదురు తిరిగింది ఈ ‘పాతకాలం’ మీదే.

పార్కులో కుమ్మరి బొమ్మ సారె తిప్పుతూ ఉంటుంది, చాకలి బొమ్మ మూటతో నిలబడుతుంది. చేతిపని కనిపిస్తుంది, ఆ పని ఎవరికి, ఏ షరతు మీద చేశారన్నది కనిపించదు. మాదాపూర్ శిల్పారామం నుంచి జిల్లాల్లోని చిన్న గ్రామీణ నమూనాల దాకా ఈ లోటు మామూలే. దీనికి కుట్ర అక్కర్లేదు. బొమ్మకు చేతిపని పెట్టడం సులువు, షరతును బొమ్మగా చేయడం కష్టం.

గిరక బావి సంగతీ అలాంటిదే. మునుగోడు, మర్రిగూడ వైపు భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ ఎందరి ఎముకలను వంచిందో ఇక్కడ కొత్తగా చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని జిల్లా పేరే పెట్టారు. “బావి నీళ్లు అమృతం” అన్న బోర్డు గోదావరి తీరంలో చెల్లితే చెల్లొచ్చు, నల్లగొండలో చెల్లదు.

పాలమూరులో గైర్హాజరైనవారు మరో రకం. ఊరు బాగున్న కాలంగా చెప్పుకునే దశాబ్దాల్లోనే కూలీలను పోగేసి పనికి తీసుకెళ్లే గుంపుమేస్త్రి వెంట ఊళ్లకు ఊళ్లు కదిలాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా ‘పాలమూరు లేబర్’ మాట వినిపించేది. తర్వాత బొంబాయి, పుణె. ఆ ఊరి బొమ్మ నిజంగా చేయాలంటే తాళం వేసిన తలుపు, అరుగు మీద ముసలమ్మ, ఆమె దగ్గర వదిలేసిన మనవడు ఉండాలి. టికెట్ కొని చూసే దృశ్యం కాదది. అయినా జిల్లా చరిత్రలో అంతకంటే పెద్ద సంగతి లేదు.

వర్జీనియాలో రెండు పాఠాలు

ఇలాంటి పేచీ అమెరికాలో చాలాముందే బహిరంగంగా నడిచింది. వర్జీనియా రాష్ట్రంలోని విలియమ్స్‌బర్గ్‌ను 1920ల చివరి నుంచి రాక్‌ఫెల్లర్ డబ్బుతో 18వ శతాబ్దపు పట్టణంగా తిరిగి నిలబెట్టారు. ఆ తర్వాతి కాలపు ఇళ్లను వందల సంఖ్యలో పడగొట్టారు. కాలం ఒక్కచోట ఆగాలంటే మిగతా కాలాలను తుడిచేయాలి కదా. పరిశోధన లోతుగానే జరిగింది. అయినా ఆ పట్టణ జనాభాలో దాదాపు సగం ఉన్న నల్లజాతి బానిసల బతుకు దశాబ్దాల పాటు పక్కనే ఉండిపోయింది. 1994 అక్టోబర్‌లో అక్కడి నల్లజాతి వ్యాఖ్యాతలే ముందుకొచ్చి బానిసల వేలాన్ని నటించి చూపించారు. అది వినోదమవుతుందని కొందరు నిరసన తెలిపారు. వారిలో ఒకరు ప్రదర్శన చూశాక అభిప్రాయం మార్చుకున్నారు.

అదే రాష్ట్రంలో, అదే కాలంలో డిస్నీ సంస్థ ‘డిస్నీస్ అమెరికా’ పేరుతో చరిత్ర పార్కు ప్రకటించింది. అంతర్యుద్ధం జరిగిన మనాసస్ రణభూమికి కొద్ది మైళ్ల దూరంలోనే. చరిత్రకారులు, స్థానికులు ఎదురు తిరిగారు. 1993లో ప్రకటించిన ప్రాజెక్టును 1994 సెప్టెంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. అసలు రణభూమి అంత దగ్గర్లో ఉండగా దాని నకలుకు టికెట్ ఎందుకన్నది వ్యతిరేకించినవారి వాదనల్లో ముఖ్యమైంది. రెండు ఉదాహరణలనూ కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. చేదు విషయాన్ని పార్కులో చూపించడం అసాధ్యం కాదు, కానీ ఎవరు చూపిస్తారన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

జీర్ణోద్ధరణ మోసమా?

ఇక్కడ ఇంకో వాదన వినాలి. పాత రాయిని తాకకూడదన్న నియమం ఎక్కువగా యూరప్ నుంచి వచ్చింది. పాత కట్టడాల పరిరక్షణపై 1964 నాటి అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని గట్టిగా చెప్పింది. ఆసియాలో పద్ధతి వేరు. జపాన్‌లో ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త కొయ్యతో మళ్లీ కడతారు, అయినా అది పాతదే. ఈ తేడాను 1994లో నారా పత్రం గుర్తించింది. మన దగ్గరా గుడి జీర్ణోద్ధరణ పుణ్యకార్యం. పూజ సాగుతున్నంత కాలం రాయి మారినా గుడి మారినట్టు కాదు.

శ్రీశైలం జలాశయం నిండే ముందు కృష్ణా తుంగభద్రల కూడలి నుంచి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపూర్‌కు తెచ్చినప్పుడు రెండు పద్ధతులూ కలిశాయి. రాయి అసలుదే, పూజా సాగుతోంది. పోయింది కూడలి. రెండు నదులు కలిసే చోటు కాబట్టే ఆ దేవుడికి ఆ పేరొచ్చింది. ఇప్పుడు గుడి ఉంది, సంగమం దూరమైంది. పిల్లలమర్రి ఆవరణలోనూ ముంపు నుంచి తరలించి తెచ్చిన గుడి ఒకటి ఉంది. మర్రి కోసం వచ్చినవారిలో చాలామంది అది మొదటినుంచీ అక్కడే ఉందనుకుని దండం పెట్టుకుని పోతారు.

మర్రిచెట్టు సంగతికొస్తే, ఏడొందల ఏళ్లన్నది జనం నోట నిలిచిన లెక్క. అక్కడ సమస్య వయసుతో రాలేదు, మనాదితో వచ్చింది. ఊడలు పట్టుకుని ఊగడం, బెరడు మీద పేర్లు చెక్కడం పాలమూరులో ప్రతి తరానికీ చిన్ననాటి గుర్తే. చెదలు, జనం తాకిడి కలిసి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపేశారు. 2018లో ఆసుపత్రి సెలైన్ మాదిరి సీసాలు వేలాడదీసి చెట్టులోకి చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు. ఊగిన ప్రతివాడికీ అది తీపి గుర్తు, చెట్టుకు మాత్రం దెబ్బ. దూరం నుంచి చూడమనడం మనాదికి ఇష్టం లేని మాట.

పోచంపల్లిదీ కొంచెం అలాంటి చిక్కే. చిటికి (ఇక్కత్) నేతను ప్రకటనల్లో “వేల ఏళ్ల కళ” అనేస్తుంటారు. ఆ విద్య పోచంపల్లికి చీరాల వైపు నుంచి వచ్చింది 20వ శతాబ్దం తొలి భాగంలో, పట్టు ఇంకా తర్వాత. వందేళ్లలో ఒక ఊరు ఒక విద్యను తెచ్చుకుని ప్రపంచానికి చూపించిందన్నది నిజానికి ఇంకా గొప్ప సంగతి. పాతదనం కోసం ఆ గొప్పతనాన్ని దాచేస్తున్నారు.

ఇకముందు

పార్కుల వల్ల అసలు చోట్లకు మేలు జరుగుతుందా, కీడా అన్నది దారి మీద ఆధారపడుతుంది. బుద్ధవనం చూసినవారిని ఫణిగిరికి పంపగలిగితే మేలు. సూర్యాపేట జిల్లాలోని ఆ కొండ మీద తోరణం, శిల్పాలు, విహారాలు నిజంగా దొరికాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బౌద్ధ కళా ప్రదర్శనకు ఫణిగిరి శిల్పాలు వెళ్లాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అక్కడ గుమ్మటం లేదు, ఏసీ లేదు. ఇటుక పునాదుల మధ్య నిలబడి కొంత ఊహించుకోవాలి. పార్కు చేయగలిగిన మంచి పని ఆ ఊహకు శిక్షణ ఇవ్వడం. కొత్త స్తూపంలో తిరిగొచ్చిన పిల్లవాడు ఫణిగిరి పునాది చూసి “దీని మీద అది ఉండేదన్నమాట” అనుకోగలిగితే, కాంక్రీటుకు పెట్టిన డబ్బు చరిత్రకూ పనికొచ్చినట్టే.

నకళ్లకు ఇంకో ముప్పూ ఉంది. కొత్త కట్టడం ఫొటో బాగా వస్తుంది. ఆ ఫొటో పోస్టర్లలోకి, అక్కడినుంచి పిల్లల పుస్తకాల్లోకి పాకుతుంది. తర్వాతి పార్కు డిజైనర్ అమరావతి పలకను కాక ఆ ఫొటోనే చూసి గీస్తాడు. రెండు మూడు మార్లు ఇలా జరిగితే మూలం ఎక్కడుందో వెతకాల్సి వస్తుంది.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చు కాదు. ప్రతి కట్టడం పక్కన మూడు సంగతులు తెలుగులో రాసి పెట్టడమే: ఎప్పుడు కట్టారు, దేన్ని చూసి కట్టారు, ఎక్కడ ఊహించారు. సాగర్‌లో నాలుగోది కూడా కలపొచ్చు. బుద్ధవనం గట్టు మీంచి చూస్తే ఎదురుగా ఆనకట్ట కనిపిస్తుంది. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరున్నది. నాగార్జునకొండ లోయను ముంచిందీ, నల్లగొండ పొలాలను తడిపిందీ అదే. తట్టలు మోసిన వేలమంది కూలీలు ఎవరు, ఏ ఊళ్ల నుంచి వచ్చారు, లోయలో ఇళ్లు పోగొట్టుకున్నవారు ఎటు పోయారు? ఆ తరంలో ఇంకా బతికున్న ముసలివాళ్లు గట్టుకు రెండు వైపులా ఉన్నారు. ఇక్ష్వాకుల గురించి రాయి చెబుతుంది. వీళ్ల గురించి వీళ్లే చెప్పాలి, అదీ ఇంకొన్నేళ్లే.